కనపడితే చేసేవాణ్ణి కదా

"కనపడితే చేసేవాణ్ణి కదా."

ఆ మాట అన్నది భర్త. ఎక్కడ కూర్చుని అన్నాడో కూడా చెప్పుకోవాలి, లేకపోతే మాటకు అందం రాదు. బాల్కనీ తలుపు పక్కన కుర్చీ. కుర్చీకి ఎదురుగా దండెం. దండెం నిండా వారం బట్టలు. ఆ బట్టల మీద వాన. కూర్చున్న చోటునుంచి చెయ్యి చాపితే ఆయన చొక్కా ఆయన చేతికే తగులుతుంది, అంత దగ్గర. నెత్తిన షాంపూ నురగతో స్నానాల గదిలోంచి పరిగెత్తుకొచ్చి, దొరికినవి దొరికినట్టు లాగి లోపల పడేసిన ఆవిడ, "వాన పడుతుంటే తీయొచ్చు కదండీ" అని అడిగినదానికి జవాబు అది.

అబద్ధం కాదండోయ్. అదే చిత్రం. నిజంగానే ఆయనకు కనపడలేదు. వాన కనపడింది, "ఇక్కడ కుండపోతగా పడుతోంది" అని ఫోన్లో ఎవరికో చెప్పాడు కూడా. ఆ వానకూ తనకూ మధ్య వేలాడుతున్న బట్టలు మాత్రం కనపడలేదు. పైగా ఆయన చేసే వ్యాపారం ఏమిటనుకున్నారు? కళ్ళజోళ్ళ దుకాణం. ఊళ్ళో సగంమంది చూపు సరిచేసిన మనిషి. దీపం కింద చీకటి అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా.

ఆవిడను ఆఫీసులో లెక్కలమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింపుగా పెట్టిన పేరే గానీ వాడగా వాడగా అరిగి నున్నబడింది. మనమూ అలాగే పిలుద్దాం.

భర్త చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. కేకలెయ్యడు, కంచం విసరడు, కూరలో ఉప్పెక్కువైతే నీళ్ళు తాగి ఊరుకుంటాడు. "మా ఇంట్లో సగం పని నాదే" అని నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు. చెత్త ఆయనే పారేస్తాడు. అంటే, లెక్కలమ్మ గదిగదికీ తిరిగి పోగేసి, సంచిలో కుక్కి, మూతి ముడేసి, గుమ్మంలో కాలికి తగిలేలా అడ్డంగా పెడితే, దాన్ని మెట్లు దింపుతాడు. టీ ఆయనే పెడతాడు. గిన్నే, జల్లెడా, పొంగిన స్టవ్వూ ఆవిడకు వదిలేస్తాడు. కూతురు చిట్టిని బడికి ఆయనే దింపుతాడు. చిట్టిని లేపి, తయారుచేసి, తప్పిపోయిన సాక్సు వెతికి, బండి ఎక్కించేదాకా ఉన్నది ఆయన లెక్కలోకి రాదు. "ఇంట్లో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుంది" అంటాడు. చీమ సంగతేమో గానీ, కుక్కరు కూత మీద కూత వేసినా ఆయన లేచి స్టవ్వు కట్టిన పాపాన పోలేదు.

అత్తగారి చూపు ఇంకో రకం. ఆవిడకు చేసిన పని కనపడదు, చేయనిది కనపడుతుంది. కిటికీలన్నీ తళతళలాడేలా తుడిచి, చెయ్యి నొప్పెట్టి ఒక్కటి వదిలేశామనుకోండి, సరిగ్గా దాని ముందు నిలబడి, "అమ్మాయ్, ఈ అద్దం మీద ఏదో మరక ఉన్నట్టుందే" అంటుంది. దెప్పినట్టు కూడా ఉండదు. ఏదో లోకహితం కోరి చెప్పినట్టుంటుంది.

సరే. లెక్కలమ్మ తడిబట్టల కుప్ప ముందు నిలబడింది. నురగ కంట్లోకి కారి మండుతోంది. మామూలుగా అయితే ఒక నిట్టూర్పు విడిచి మళ్ళీ స్నానానికి పోయేదే. ఆ రోజు మాత్రం ఆ మాట చెవిలో చిక్కుకుంది. కనపడితే చేసేవాణ్ణి కదా. అంటే, కనపడలేదు గనక పని లేదు. ఈ మాట ఎక్కడో విన్నాను, ఈ మధ్యనే విన్నాను, ఇంత ధీమాగానే విన్నాను అనుకుంది. కంటి మంట తగ్గేసరికి గుర్తొచ్చింది. విన్నది ఆఫీసులో. అన్నది పెద్దసారు. అంతే కాదు, ఆ మాటను తన చేత్తోనే తీసుకెళ్ళి కంప్యూటర్లో పెట్టింది.

లెక్కలమ్మ ఉద్యోగం అడవిజంతువుల తలలు లెక్కపెట్టడం. అవేమన్నా బడిపిల్లలా, వరసలో నిలబడి లెక్కపెట్టించుకోవడానికి? ఉన్నవాటిలో కొన్నే కళ్ళపడతాయి. ఆ కొన్నిట్నించి ఉన్నవెన్నో ఊహించాలి, ఆ ఊహకు లెక్క చూపించాలి. ఈ ఏడాది ఆవిడ చేతికొచ్చినవి నీటికుక్కలు. నదిలో ఈదుతూ, చేపలూ పీతలూ తింటూ, మహా హుషారుగా బతికే జంతువులు. మనిషి అలికిడి వింటే మాయం. అందుకని సర్వేవాళ్ళు జంతువు కోసం వెతకరు, దాని పెంట కోసం వెతుకుతారు. చేపపొలుసులూ పీతపెంకులూ కలిసిన నల్లటి పెంట గట్టుమీద దొరికితే, ఇక్కడ నీటికుక్క ఉన్నట్టు. నదిని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకూ కొన్నిసార్లు వెళ్ళి చూసొచ్చారు. వంతెనకు పైన చాలా చోట్ల దొరికింది. వంతెనకు కింద, రెల్లు దట్టంగా పెరిగిన బురదగట్ల మీద, మూడుసార్లు వెళ్ళినా ఏమీ దొరకలేదు.

ఆ కింది నది సంగతి తేల్చడానికే ఇంత హడావిడి. నీటికుక్కలు ఉన్నాయంటే రెల్లును ముట్టుకోకూడదు. లేవంటే రెల్లు నరికేసి, గట్లకు సిమెంటు వేస్తారు. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. వాళ్ళ ముందు పెట్టే నివేదికలో అంకె లెక్కలమ్మది, గొంతు పెద్దసారుది.

ఇక ఆవిడ వాడే సాఫ్ట్‌వేర్ సంగతి. బేసియన్ పద్ధతి అంటారు దాన్ని. పేరు విని బెదరక్కర్లేదు, దాని నీతి చాలా చిన్నది. ముందుగా నువ్వేం నమ్ముతున్నావో చెప్పు. ఎంత గట్టిగా నమ్ముతున్నావో కూడా చెప్పు. ఆ తర్వాత కళ్ళతో చూసిందంతా నా ముందు పొయ్యి. రెండూ కలిపి, ఇప్పుడు ఎంత నమ్మాలో నేను చెప్తాను. కాపురాలకు కూడా పనికొచ్చే నీతి. కాకపోతే ఒక్క మెలిక ఉంది. ముందు నమ్మకాన్ని మరీ బిగించి కట్టామంటే, నది మొత్తం లేచొచ్చి సాక్ష్యం చెప్పినా అది చెవిన పెట్టదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని కూర్చుంటుంది.

పెద్దసారు ఆ బిగింపు దగ్గరుండి వేయించాడు. "నా సర్వేవాళ్ళవి డేగకళ్ళమ్మా. ఉంటే నూటికి తొంభై అయిదుసార్లు కనపడుతుంది. కనపడలేదంటే లేదు. అనుభవం మీద చెప్తున్నాను, అలాగే పెట్టు" అన్నాడు. లెక్కలమ్మ అలాగే పెట్టింది. ఫలితం చూసినప్పుడు మనసులో ఏదో కలుక్కుమన్న మాట నిజం. ముందు నమ్మకం గీత మీద తర్వాతి నమ్మకం గీత అచ్చు గుద్దినట్టు కూర్చుంది, వెంట్రుకవాసి కూడా జరగలేదు. అన్నేసి రోజులు నది వెంట తిరిగి తెచ్చినదంతా పోస్తే ఒక్క మిల్లీమీటరు కదలదా? అప్పుడే అనుమానపడాల్సింది. పెద్దాయన చెప్పాడు కదా అని ఊరుకుంది. ఊరుకోవడం అలవాటైన ప్రాణం మరి. దండెం దగ్గర ఊరుకున్నట్టే అక్కడా ఊరుకుంది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే సంచి భుజం మీంచి దించకుండానే కంప్యూటర్ తెరిచింది. సర్వేవాళ్ళ చూపు మీద ఆ బిగింపు విప్పేసింది. ఎంత కనపడుతుందో నాకు తెలియదు, నువ్వే చెప్పు అని నదికి వదిలేసింది. రాతిగట్టు వేరు, రెల్లుగట్టు వేరు అని విడదీసింది. నాలుగు గొలుసులు పరిగెత్తాయి. ఈ సాఫ్ట్‌వేర్ ఒకే లెక్కను నాలుగు చోట్ల మొదలుపెట్టి నాలుగు గొలుసులుగా నడుపుతుంది, నాలుగూ తిరిగి తిరిగి ఒక్క చోటికే చేరితేనే ఆ జవాబు నమ్మాలి. ఇంట్లో కూడా నాలుగు గొలుసులే. ఏం వండాలన్న ఒక్క ప్రశ్న మీద తనూ, భర్తా, అత్తగారూ, చిట్టీ ఇన్నేళ్ళలో ఒక్క చోటికి చేరిన పాపాన పోలేదు. ఇవి మాత్రం టీ చల్లారేలోపే బుద్ధిగా కలిసిపోయాయి.

జవాబు చూసి లెక్కలమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. పై నదిలో కూడా అక్కడక్కడా రెల్లుగట్లున్నాయి. ఆ చోట్ల నీటికుక్కలు ఉన్నాయని ఏదో ఒకసారి పెంట దొరికి రుజువైంది. అయినా అక్కడికి వెళ్ళినవాళ్ళకు ఆరుసార్లకు ఒకసారి దొరికితే గొప్ప. మెత్తటి బురదలో కూరుకుపోతుందో, నీళ్ళు ఎక్కి కడిగేస్తాయో, మొత్తానికి రెల్లులో ఉన్నది ఉన్నట్టు కనపడదు. అలాంటప్పుడు కింది నదిలో మూడుసార్లు ఖాళీ చేతులతో వస్తే ఏం తెలిసినట్టు? ఏమీ తెలియనట్టే. కింది నదిలో నీటికుక్కలు ఉండటానికి సగానికి మించే అవకాశం ఉంది అంది సాఫ్ట్‌వేర్.

ఆ కాగితాలు పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన కూడా రాక్షసుడేం కాదు. వయసులో ఉండగా నదుల వెంట పడి తిరిగినవాడు, ఇప్పుడు మోకాళ్ళు సహకరించక గదిలో కూర్చున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. నేను తిరిగినన్నాళ్ళు లేదు నీ వయసు అన్నాడు. కమిటీ ముందు అవునో కాదో చెప్పాలి గానీ సగం సగం అంటే నవ్విపోతారన్నాడు. నువ్వు స్లైడ్లు తిప్పు, మాట్లాడేది నేను చూసుకుంటానన్నాడు. అన్నీ అయ్యాక, "శుక్రవారం వాళ్ళకి టీ, బిస్కెట్ల సంగతి మర్చిపోకమ్మా, నువ్వయితే చక్కగా చూస్తావు" అన్నాడు. ఆ విభాగంలో లెక్కలు కట్టేవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ మగవాళ్ళే. బిస్కెట్లు చక్కగా చూసే విద్య వాళ్ళకెవరికీ అబ్బలేదు కాబోలు.

లెక్కలమ్మకు ఒళ్ళు మండింది. మెట్లు దిగుతూ మండింది, బస్సులో నిలబడి మండింది, ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతుంటే ఆ మంటంతా కత్తిలోకి దిగి ముక్కలు ఎన్నడూ లేనంత సన్నగా వచ్చాయి.

భోజనాల దగ్గర చెప్పింది. భర్త శ్రద్ధగానే విన్నాడు. విని, పెద్దాయనతో నీకెందుకు పేచీ అన్నాడు. నువ్వు గదిలో కూర్చుని లెక్క మార్చినంత మాత్రాన లేని నీటికుక్కలు నదిలో పుడతాయా అని నవ్వాడు కూడా. కావాలని నొప్పించలేదు, జోకనుకున్నాడు. లెక్కలమ్మ కంచంలోంచి తలెత్తింది.

"ఇవాళ పొద్దుట్నించి నేనేం చేశానో చెప్పండి చూద్దాం."

పరీక్షలో తేలిక ప్రశ్న వచ్చిన కుర్రాడిలా ఆయన నిటారుగా కూర్చున్నాడు. "వంట చేశావు. చిట్టికి జడ వేశావు." కాసేపు ఆలోచించాడు. "ఆఫీసుకెళ్ళొచ్చావు."

"ఇంకా?"

"ఇంకేముంటాయోయ్?"

లెక్కలమ్మ మనసులోనే వేళ్ళు మడిచింది. పాలు తీసుకోవడం, నిన్న తడిసిన బట్టలు మళ్ళీ ఉతికి ఆరేయడం, ఆరినవి మడతపెట్టి ఎవరి అలమరలో వాళ్ళవి సర్దడం, అత్తగారి మాత్రలు పూటలవారీగా డబ్బాలో వేయడం, చిట్టి చెప్పు తెగితే కుట్టించుకు రావడం, గ్యాసు బుక్ చేయడం, ఆయన చొక్కాకు ఊడిన గుండీ కుట్టడం, సింకులో అడ్డం పడ్డది తీయడం, ఫ్రిజ్ వెనక ట్రేలో చేరే నీళ్ళు పారబోయడం, ఇలా ఇంకా బోలెడు. ఆయన చూసినవి మూడు. ఉన్నవి లెక్కేస్తే ఆరింట ఒకటి కూడా రాలేదు. ఇదెక్కడి అంకె? పొద్దున కంప్యూటర్లో చూసిన అంకే. ఆయన అచ్చంగా రెల్లుగట్టు సర్వే. ఆ మాట అనుకోగానే లెక్కలమ్మకు పొరబోయేంత నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని ఆయన అడిగాడు. ఏం లేదండీ అంది.

అంతదాకా తలొంచుకుని తింటున్న అత్తగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"మీ నాన్న ఆ మూడు కూడా చెప్పేవాడు కాదురా," అంది కొడుకుతో. ఆ తర్వాత కోడలి వంక ఒక చూపు చూసింది. అద్దం మీద మరకను చూసే చూపు కాదు అది. లెక్కలమ్మకు ఆ చూపు కొత్త.

శుక్రవారం వచ్చింది. కమిటీలో అయిదుగురు. వాళ్ళలో ముఖ్యుడు గట్ల ఇంజనీరు, ఎండకు కమిలిన మొహం, ముక్తసరి మనిషి. పెద్దసారు బాగా మాట్లాడాడు, ఆయన ఎప్పుడూ బాగానే మాట్లాడతాడు. లెక్కలమ్మ మూల కుర్చీలో కూర్చుని స్లైడ్లు తిప్పింది. పటంలో పై నది పచ్చగా వచ్చింది. కింది నది తెల్లగా వచ్చింది.

ఇంజనీరు అడిగాడు. "మూడుసార్లు వెళ్ళారు. కనపడలేదు. అంటే లేవనేగా?"

"లేవు" అన్నాడు పెద్దసారు.

ఇక్కడ లెక్కలమ్మ స్లైడు తిప్పడం ఆపింది. నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. టీ తెప్పించొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు, ఇంటికెళ్ళొచ్చు. వచ్చే ఏడాది ఆ రెల్లు ఉండదు. అక్కడ ఏముండేదో ఎవరికీ తెలియదు, తెలియదు గనక పోయిందని ఏడ్చేవాళ్ళూ ఉండరు. ఉండి కూడా లెక్కలోకి రాకుండా పోవడం ఎలా ఉంటుందో ఆ గదిలో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఆ ఆలోచన రాగానే నోరు దానంతటదే తెరుచుకుంది.

"లేవని కాదండీ. మాకు కనపడలేదు."

పెద్దసారు నెమ్మదిగా వెనక్కి తిరిగి, లెక్కలమ్మా, టీ వచ్చిందేమో చూడమ్మా అన్నాడు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎలా? టీ వచ్చేస్తుంది సార్, ముందు ఇది చూపించేస్తాను అని లేచి, చివర దాచుకున్న స్లైడు తెర మీదికి తెచ్చింది. రాతిగట్టు మీద ఎన్నిసార్లకు ఒకసారి దొరికిందో, రెల్లుగట్టు మీద ఎన్నిసార్లకో చూపించింది. నివేదికలోని అంకె నది చెప్పింది కాదనీ, మేం ముందే బిగించి పెట్టిన నమ్మకం తిరిగి మాకే వినపడిందనీ, ఆ బిగింపు కంప్యూటర్లో వేసిన చెయ్యి తనదేననీ చెప్పింది.

ఇంజనీరు గడ్డం గోక్కున్నాడు. ఆయనకు ఉన్నాయా లేవా అన్న పట్టింపు లేదు, తేలితే చాలు. మరి ఎన్నిసార్లు వెళ్ళి చూస్తే లేవని మీరే ఒప్పుకుంటారు అని అడిగాడు. సరైన ప్రశ్న. ఇంకో పదిహేనుసార్లు వెళ్ళినా ఏమీ దొరకకపోతే ఒప్పుకుంటానంది. ఎవరు వెళ్తారన్నాడు. సర్వేవాళ్ళందరినీ అప్పటికే వేరే నదికి పంపేశారు. పెద్దసారు తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. మిగతా ముగ్గురు లెక్కలవాళ్ళు బిస్కెట్ల వంక చూశారు.

"నేను వెళ్తాను" అంది లెక్కలమ్మ.

నెలాఖరు దాకా గడువిచ్చి కమిటీ లేచిపోయింది. లెక్కలమ్మ తన బల్ల దగ్గర కూర్చుని, వెళ్ళాల్సిన రోజులు క్యాలెండర్లో గుర్తుపెట్టుకుంటోంది. పెద్దసారు కుంటుకుంటూ వచ్చాడు. తిడతాడనుకుంది. ఆయన చేతిలోని సంచి బల్ల మీద పెట్టాడు. అందులో పాత రబ్బరు బూట్లు, మోకాళ్ళదాకా వచ్చేవి.

"నావే. నీకు వదులవుతాయి, రెండు జతల సాక్సులు వేసుకో" అన్నాడు. వెళ్ళబోయి ఆగాడు. "అక్కడా ఏం దొరక్కపోతే?"

"లేవని నేనే రాసిస్తాను సార్. నా కుందేలుకు నాలుగు కాళ్ళే."

ఆయన నవ్వాపుకోవడానికి కాసేపు దగ్గాడు.

కమిటీ కంటే కష్టమైన సభ ఇంట్లో జరిగింది. రెండు వారాలు అనేసరికి భర్త మొహం చిన్నబోయింది. ఇల్లెలా అన్నాడు. సగం పని ఎలాగూ మీరే చేస్తున్నారు కదా, ఆ రెండో సగం కూడా చూసుకుంటే సరి అంది. అదీ నిజమే అన్నట్టు ఆయన తలూపాడు, పాపం, తన మాటకు తానే కట్టుబడి. "సరే, ఏమేం చేయాలో ఒక లిస్టు రాసిపెట్టు" అన్నాడు.

లెక్కలమ్మ చెయ్యి అలవాటుగా కాగితం మీదికి పోయింది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా, ఆఖరికి చిట్టిని కనడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కూడా లిస్టు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి పోయిన మనిషి. కలం తీసింది. మొదటి మాట రాయబోయి ఆగింది. ఏం చేయాలో చూడటం కూడా ఒక పనే, ఆ పనీ ఇన్నాళ్ళూ నేనే చేస్తున్నాను, ఈసారి అదొక్కటి ఈయనకు వదిలేద్దాం అనుకుంది. కలానికి మూత పెట్టేసింది.

"లిస్టు లేదండీ. కనపడినవి చేయండి."

అత్తగారు ఎందుకో చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంతెన పక్కన గెస్ట్‌హౌసులో ఒక గది, చిన్న పడవ, దాన్ని నడిపే ఒకావిడ. పెంట కోసం ఇంత దూరం వచ్చిన ఆఫీసరమ్మను చూసి పడవావిడ మొదట్రోజంతా ముసిముసిగా నవ్వింది. లెక్కలమ్మ పెద్దసారు బూట్లతో బురదలో చప్పుడు చేసుకుంటూ దిగేది, రెల్లు పక్కకు తప్పించేది, వంగి చూసేది, లేచేది. జుట్టులో రెల్లుపూలు, గోళ్ళలో మట్టి. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఎవరో వండిన అన్నం వేడిగా తినేది. కంచం ఎవరో తీసుకెళ్ళేవాళ్ళు. మొదటి రెండు పూటలూ ఆ కంచం వెనకాలే లేచి వెళ్ళబోయి, తనను తాను కసురుకుని కూర్చుంది.

ఫోన్ మాత్రం మోగుతూనే ఉండేది. మొదట్లో గంటగంటకీ. కత్తెరెక్కడ, చిట్టి నీలం రిబ్బనెక్కడ, అమ్మ మాత్రల్లో తెల్లది ముందా పచ్చది ముందా. మాత్రల సంగతి చెప్పేది, అందులో ఆటలు లేవు. మిగతావాటికి, చూడండి, అక్కడే ఎక్కడో ఉంటుంది అనేది. నాలుగైదు రోజులకు ఫోన్లు పలచబడ్డాయి. ఒక రోజు ఏ ప్రశ్నా లేకుండా, "వాన వచ్చిందోయ్, బట్టలు తీశాను" అని చెప్పి పెట్టేశాడు. ఆ గొంతులో గర్వం విని లెక్కలమ్మ రెల్లులో ఒక్కర్తే నిలబడి నవ్వుకుంది.

నది మాత్రం నవ్వించలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఖాళీ. ఆ ఖాళీని కూడా నిజాయితీగా సాఫ్ట్‌వేర్‌కు చెప్పేది. చెప్పినప్పుడల్లా నమ్మకం గీత కాస్త కాస్త కిందికి జారేది. సగానికి పైన ఉన్నది సగానికి దిగింది, పావుకు దిగింది, ఇంకా దిగింది. లెక్క ప్రకారం అలాగే దిగాలి, తనే చెప్పింది. అయినా దిగులు దిగులే. పెద్దసారుకు ఫోన్ చేసి లేవని చెప్పే మాటలు మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టింది. నేను కోరుకున్నాను కదా అని ఉన్నాయనకూడదు, ఆయనకూ నాకూ ఇక తేడా ఏముంటుంది అనుకుని గుండె దిటవు చేసుకుంది.

పదకొండోసారి వెళ్ళిన పొద్దున, వంపు దగ్గర నీళ్ళలోకి సగం ఒరిగిన మోడు ఒకటి ఉంటే, దాని మీద కాలు పెట్టబోయి ఆగింది. మోడు మీద నల్లగా, తడిగా, అరచేతిలో పట్టేంత. వంగింది. చేపపొలుసులు ఎండకు మెరిశాయి. పీతపెంకు ముక్క ఒకటి, ఎర్రగా. ముక్కు దగ్గర పెట్టి చూసింది, పచ్చిచేపల వాసన. పక్కనే బురదలో వేళ్ళ మధ్య పొర ఉన్న కాలిగుర్తు, ఇంకా నీళ్ళు ఊరుతూ. అంటే ఇప్పుడే, మేం వచ్చేముందే ఇక్కడ కూర్చుని ఉంది! లెక్కలమ్మ బూట్లతో సహా బురదలో చతికిలబడి పగలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమైందోనని పడవావిడ తెడ్డు వదిలేసి పరిగెత్తుకొచ్చింది, చూసింది, ఈ మాత్రానికేనా అని తనూ పక్కన కూలబడి నవ్వింది.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. భర్త.

"ఏమోయ్, ఒక్క మాట అడుగుతాను. మన ఫ్రిజ్ వెనకాల ఒక ట్రే ఉంటుంది, నీకు తెలుసా?"

"తెలుసు" అంది లెక్కలమ్మ మోడు మీంచి కన్ను తిప్పకుండా.

"దాన్నిండా నీళ్ళు చేరి పొర్లిపోయాయి. వంటగదంతా తడి. ఎక్కణ్ణించొస్తున్నాయో తెలియక ఇందాకట్నించి నేల మీద పడుకుని వెతుకుతున్నాను. అమ్మనడిగితే నవ్వుతోంది గానీ చెప్పట్లేదు." ఆగాడు. ఈసారి గొంతు తగ్గింది. ఏదో పెద్ద సంగతి మొదటిసారి ఎదురైన మనిషిలా అడిగాడు. "ఇన్నేళ్ళూ ఆ నీళ్ళు ఎవరు పారబోశారోయ్?"

ఆయనకు తెలుసు, తెలిసే అడిగాడు. తనకూ ఇవాళ నీటికుక్క జాడ దొరికిందని మాత్రం చెప్పింది లెక్కలమ్మ. ఆయన నిజంగా సంతోషించాడు, నువ్వు గట్టిదానివోయ్ అన్నాడు. అన్నాక ఆశగా, అయితే ఇక వచ్చేస్తావుగా అన్నాడు.

ఎదురుగా నది మీద ఎండ పరుచుకుంటోంది. రెల్లులో ఎక్కడో బుడుంగుమంది.

"రానండీ, అనుకున్న రోజులన్నీ ఉంటాను," అంది లెక్కలమ్మ బూట్లలోంచి నీళ్ళు వంపుకుంటూ. "ఇద్దరికీ ఒక్కోటే కదా దొరికింది. మీరూ వెతుకుతూ ఉండండి. ఇంకా చాలా ఉన్నాయి."